ఇక అవసరం లేనివి

ఫిబ్రవరి 11

ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. ఇప్పటికే కొన్ని ముందువెనకలవుతున్నాయి.

పొద్దున తను తలనొప్పి అంది. మాత్ర వేసుకుంది. బడికి సెలవు పెట్టమన్నాను. పరీక్ష పేపర్లు దిద్దాలి, వెళ్ళాలి అంది. చెప్పుల కోసం ఇల్లంతా వెతికింది. అవి తలుపు వెనకే ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ వాళ్ళమ్మతో ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఏమందో నేను వినలేదు.

పదకొండు దాటాక బడినుంచి ఫోన్. స్టాఫ్ రూంలో పడిపోయిందన్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికి లోపలికి తీసుకెళ్ళిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టరు చెప్పాడు. చాలాసేపు కూర్చున్నాను. సాయంత్రం అదే డాక్టరు బయటికి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే అర్థమైంది. తరువాత ఆయన చెప్పినవి నాకు గుర్తులేవు.

సంతకాలు చేశాను. వాచీ, చెవి దుద్దులు ఒక కవరులో వేసి ఇచ్చారు.

ఇంటికి వచ్చాను. అత్తయ్య ముందుగదిలో కుట్టు మిషను ముందు ఉంది. ఆవిడకి పొద్దున్నుంచీ ఏమీ తెలియదు. ఫోన్‌లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నేను గుమ్మంలో నిలబడగానే తొక్కడం ఆపింది.

తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్నది లేదు. పోట్లాటేమీ లేదు. మొదట్లో ఆవిడకి మొహమాటం, నాకు బెరుకు. తరువాత అదే అలవాటైపోయింది. నాతో ఏదైనా చెప్పాలంటే కూతురితో "మీ ఆయన్నడుగు" అనేది. నేనూ అంతే, "మీ అమ్మకి చెప్పు" అనేవాణ్ని. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నా సరే. తను అటూ ఇటూ చూసి, "ఇద్దరికీ చెవులున్నాయిగా, నాకేమైనా జీతమిస్తున్నారా?" అనేది.

ఆ సాయంత్రం కబురు నా నోట్లో ఉంది. ఎవరితో చెప్పించాలో తెలియలేదు. ఈలోగా పక్కింటావిడ నా వెనకే వచ్చి ఏమైందని అడిగింది. నేను ఆమె వైపు తిరిగి చెప్పాను. అత్తయ్య పక్కనుంచి విన్నది.

ఫిబ్రవరి 15

చుట్టాలందరూ వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరం మిగిలాం.

ఫిబ్రవరి 17

ఆఫీసుకి వెళ్ళాను. అందరూ ఏదో ఒకటి అన్నారు. నేనూ ఏదో ఒకటి అన్నాను. మేనేజరు మాత్రం నేరుగా పనిలోకి దిగాడు. ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను.

రోజూ సాయంత్రం తనకి ఆఫీసు సంగతులు చెప్పడం అలవాటు. తను భూగోళం టీచరు. అర్థమయ్యేదాకా వదిలేది కాదు. ఇక్కడా అలాగే రాస్తాను. మరోలా రాయడం నాకు చేతకాదు.

కోల్డ్ స్టోరేజీల గోడలకి మా కంపెనీ డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బాలో ఒక బుల్లి కంప్యూటరు, అందులో యూనిక్స్ అనే సిస్టం. లోపల చల్లదనం చూసుకుంటూ మోటార్లను వేసి ఆపడం దాని పని. ఈ ఏడాది తయారైన కొత్త సిస్టం పాత డబ్బాల్లో పట్టడం లేదు. "సగానికి సగం తగ్గాలి. ఎలా అన్నది మీ ఇష్టం" అన్నాడు మేనేజరు. అంటే మొదటినుంచీ కట్టుకు రావాలి. అత్యవసరమైనవి పెట్టి, మిగతావి తీసెయ్యాలి.

చెప్పినంత తేలిక కాదు. ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వస్తాయి. ఏ ప్యాకేజీ ఒంటరిగా రాదు. ఒకటి పెడితే ఇంకో మూడు ఉంటేనే పనిచేస్తానంటుంది. ఆ మూడూ మరో నాలుగింటిని వెంటపెట్టుకొస్తాయి. గడియారం సరిచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టాను. వెనక ఎక్కడినుంచో ప్రింటరు సామగ్రి దిగింది. మా డబ్బాకి ప్రింటరే లేదు.

ఫిబ్రవరి 19

ఇంట్లో ఇబ్బందేం లేదు.

ఫిబ్రవరి 20

ఆవిడ ఇప్పుడు సామాన్లతో మాట్లాడుతోంది.

పొద్దున పాలగిన్నెతో అంది: "ఇప్పుడొస్తే కాఫీ వేడిగా ఉంటుంది. తర్వాత నన్నంటే లాభం లేదు." నేను వెళ్ళి తాగాను. వెళ్ళేముందు క్యాలెండరుతో అన్నాను: "ఇవాళ ఆలస్యమవుతుంది." ఆవిడ వంకాయలు తరుగుతూ కత్తిపీటతో అంది: "ఆలస్యమైతే అన్నం చల్లారుతుంది, అంతేగా."

సాయంత్రం ఇద్దరం ఒకేసారి ఫ్రిజ్‌తో మొదలుపెట్టాం. ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ ఏం చెప్పబోయిందో తెలియదు. నేను పెరుగు ఎక్కడుందని అడగబోయాను. పెరుగు లేకుండానే తినేశాను.

ఫిబ్రవరి 22

ఇంటి దగ్గర కంప్యూటరులో రాత్రంతా సిస్టం కట్టేలా పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే గోడ దగ్గర స్విచ్ ఆపేసి ఉంది. మొత్తం పోయింది.

ఇలాంటివన్నీ తనే చూసుకునేది. "అమ్మా, దాని జోలికి వెళ్ళకు, మీ అల్లుడు ఏడుస్తాడు" అనేది.

గోడకి చెప్పాను: "ఇది రాత్రంతా నడవాలి."

చీపురుకట్ట వైపు నుంచి జవాబు: "ఎవరూ లేని గదిలో గుంయ్యిమంటూ ఉంటే ఆపమా? నడవాలని చెబితే ఎవరాపుతారు?"

స్విచ్ వేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఏదైనా అనడానికి అక్కడ చీపురు తప్ప ఎవరూ లేరు.

ఫిబ్రవరి 23

స్విచ్ మీద గుడ్డ తొడుగు. కొలత సరిపోయేలా కుట్టి, కింద ముడేసింది. ఎర్రగుడ్డ.

రాత్రంతా నడిచింది.

ఫిబ్రవరి 24

మూడు రోజులుగా ఒకే చోట తిరుగుతున్నాను.

రెండు ప్యాకేజీలున్నాయి. మొదటిదాన్ని కట్టాలంటే రెండోది ముందే ఉండాలి. రెండోదాన్ని కట్టాలంటే మొదటిది ఉండాలి. పక్కన సర్టిఫికెట్ల గొడవ ఇంకొకటి. అవతలి సర్వరు నిజమైనదో కాదో తేల్చుకోవడానికి సర్టిఫికెట్లు కావాలి. ఆ సర్టిఫికెట్లు దించుకోవాలంటే ఆ సర్వరునే నమ్మాలి. తలుపు తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టుంది.

మా టెస్టింగ్ ఆవిడని ఆఫీసులో అందరూ అనుమానంగారంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. నా తెర మీదికి వంగి చూసింది.

"ఇవి రెండూ నువ్వు ముందంటే నువ్వు ముందంటున్నాయి కదండీ."

"అవునండీ."

"ఇలా మర్యాదలు చేసుకుంటూ కూర్చుంటే ఇక తెల్లారినట్టే. ఏదో ఒకదాన్ని అరకొరగానైనా ముందు నిలబెట్టండి. రెండోది దాన్ని పట్టుకుని లేస్తుంది. ఆ తర్వాత మొదటిదాన్ని బాగు చేసుకోవచ్చు."

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కాలేజీలోనే చదివాను. మూడు రోజులు ఎందుకు తోచలేదో తెలియదు.

అలాగే చేశాను. నిలబడింది.

ఫిబ్రవరి 26

బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, తింటున్నావా?"

"తింటున్నా."

"అమ్మ సంగతి ఏం చేద్దామంటావు?"

"ఏం చెయ్యాలి?"

"అక్క కాలు విరిగిందని నెల రోజులకని వచ్చింది. కాలు అతుక్కుంది, అమ్మా అతుక్కుపోయింది. అక్క ఉన్నన్నాళ్ళూ వేరు బావా. అక్క కోసం వచ్చింది. ఇప్పుడక్కడేం పని చెప్పు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమేంటి, ఇల్లు నీది."

"ఆవిడ ఎలా అంటే అలా."

"అమ్మనడిగితే, మీ బావగారి ఇష్టం అంటోంది."

 తరువాత వాడే ఎనిమిదో తారీఖు ఆదివారం కారు తీసుకొస్తానన్నాడు. సరే అన్నాను.

మంచిదే. అక్కడ మనవలున్నారు. ఆవిడకి కాలక్షేపమవుతుంది. ఇక్కడ ఏముంది, ఫ్రిజ్ ఉంది.

ఫిబ్రవరి 27

మంచిదే.

ఫిబ్రవరి 28

ఇవాళ పని తెమిలింది.

ఎప్పుడో ఎవరో పెట్టిన పెద్ద మూటలాంటి ప్యాకేజీ ఒకటి ఉంది. అందులో మాకు పనికొచ్చేది ఏమీ లేదు. తీసేశాను. వెంటనే ప్యాకేజీలు పెట్టి తీసే టూల్ ఒక వరస చూపించింది. ఇవి వాటంతటవి వచ్చినవి, వీటిని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, ఇక అవసరం లేనివి, తీసెయ్యమంటారా అని. మొదటి నాలుగైదు చదివాను. చెత్తే. తీసెయ్యమన్నాను. కళ్ళముందే ఒక్కొక్కటి మాయమైంది. చాలా రోజుల తరువాత హాయిగా అనిపించింది.

సిస్టం పాత డబ్బాలో పట్టింది. ఇంకా చోటు మిగిలింది. "మీరు కత్తెర పట్టుకుని పుట్టారండీ" అన్నాడు మేనేజరు.

అనుమానంగారు మాత్రం, "అన్ని తీసేశారే, ఏం తీశారో చూశారా?" అంది.

"ఎవరికీ అక్కర్లేనివేనండీ."

"అక్కర్లేదని ఎవరన్నారు?"

"టూల్ అంది."

"దానికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. తనే లెక్క చూసుకుంటుంది."

"ఊఁ" అంది. ఆవిడ ఊఁ అంటే ఒక పేజీ రిపోర్టుతో సమానం. కానీ ఆఫీసు బల్ల మీద ఉన్న డబ్బాకి కీబోర్డు, తెర తగిలించి రోజంతా పరీక్షించింది. ఒక్క తప్పూ దొరకలేదు.

మార్చి 2

మొదటి ప్రయత్నంగా ఒక్క కోల్డ్ స్టోరేజీకి పంపాం. బస్సులో అయిదారు గంటల దూరం. ఇక్కడినుంచే కొత్త సిస్టం ఎక్కించాను. డబ్బా ఆగి మళ్ళీ మొదలైంది.

అత్తయ్య పెట్టెలు అటకమీంచి దింపించింది. పక్కింటావిడ కొడుకు వచ్చి దింపాడు. నేను ఇంట్లోనే ఉన్నాను.

మార్చి 4

డబ్బా నడుస్తోంది. కానీ లోపలికి వెళ్ళలేకపోతున్నాను. ఇక్కడినుంచి ఎన్నిసార్లు పిలిచినా జవాబు లేదు.

స్టోరు సూపర్వైజరుకి ఫోన్ చేశాను.

"మీ డబ్బా శుభ్రంగా ఉంది సార్. పచ్చ లైటు వెలుగుతోంది. చల్లదనం కూడా బాగుంది."

"నేను పిలిస్తే పలకడం లేదండీ."

"అలిగిందేమో సార్."

"దాని దగ్గరేమైనా మీటలున్నాయా?"

"మీటలు మీరే పెట్టలేదు కద సార్. ఒంటి లైటు. సోమవారం సాయంత్రం ఆపిల్ లోడు దిగుతోంది. అప్పటికి రెండు డిగ్రీలు తగ్గించాలి. మీరు అక్కణ్ణించి తగ్గిస్తానన్నారు."

తగ్గిస్తానన్నాను.

మార్చి 5

దొరికింది. అనుమానంగారే పట్టుకుంది.

దూరంనుంచి డబ్బాలోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఎవరూ విడిగా పెట్టలేదు. ఆ పెద్ద మూటతో పాటు వచ్చింది. మూట తీసేసరికి దాన్ని అడిగేవాళ్ళు లేకపోయారు. నేను చదవకుండా తీసెయ్యమన్న వరసలో అది తొమ్మిదోది. ఆఫీసులో కీబోర్డు, తెర ఉన్నాయి కాబట్టి దాని అవసరం ఎవరికీ తగల్లేదు. అక్కడ గోడకున్న డబ్బాకి అవేమీ లేవు. వేరే దారి లేదు. లోపల అన్నీ బాగానే నడుస్తున్నాయి, వెళ్ళే తలుపు మాత్రం నేనే పీకేశాను.

"దీన్ని ఉంచాలని ముందే చెప్పే వీలు లేదాండీ?" అడిగింది అనుమానంగారు.

"ఉంది. ఒక్క లైను. ఇది వేరేవాళ్ళ కోసం వచ్చింది కాదు, నేనే అడిగి పెట్టుకున్నాను అని రాసేస్తే టూల్ ముట్టుకోదు."

"మరి?"

"రోజూ దానిగుండానే వెళ్ళేవాణ్ని. విడిగా అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఉంది కదా అని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఏదో అంటుందనుకున్నాను. టీ తాగుదాం రండి అంది.

మేనేజరు అరవలేదు. ఎవరో ఒకరు కేబుల్ తీసుకుని స్వయంగా వెళ్ళి డబ్బా విప్పాలన్నాడు. నేనే వెళ్తానన్నాను. ఏ రోజు అన్నాడు. ఆదివారం పొద్దున ఆరింటి బస్సు అన్నాను.

నా అంతట నేనే ఆదివారం అన్నాను. శనివారం కూడా బస్సుంది.

ఇంటికొచ్చాక పైకి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చున్నాను. కింద వాటా ఆయన తాళం మర్చిపోయారా అని అడిగాడు. అవునన్నాను. పైన కిటికీలో లైటు వెలుగుతోంది, మిషను చప్పుడు వినిపిస్తోంది. తాళం మర్చిపోవడానికి వీల్లేదని ఆయనకీ తెలుసు.

మార్చి 6

కొత్త సిస్టం మెమరీ కార్డు మీద సిద్ధంగా ఉంది. ఈసారి వరసంతా చదివాను. ఒక్కొక్కటీ.

ఇంటికొచ్చేసరికి మిషను ముక్కలై ఉంది. తల విడిగా, కాళ్ళు విడిగా. తోలు బెల్టు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. తల బరువు, ఆవిడ ఒక్కతే దింపినట్టుంది. పాత దుప్పటి పరిచి చుడుతోంది. ఒక చివర పట్టుకుంటే తేలికవుతుంది. నేను వెళ్ళి చివర పట్టుకున్నాను. ఇద్దరం ముడివేశాం. ఆదివారం ఆరింటి బస్సని పొద్దునే క్యాలెండరుకి చెప్పాను.

"బస్సులోకి అన్నం కట్టాలా, అక్కడ హోటలుంటుందా?" అంది దుప్పటితో.

"ఉంటుంది" అన్నాను దుప్పటితోనే.

ముందుగది పెద్దదైపోయింది. మిషను ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు.

వెళ్ళడమే మంచిది. ఆవిడకి. నాకేముంది, ఆఫీసుంది. ఇబ్బందేం లేదు. ఈ మాట ఇదివరకే రాశాను.

మార్చి 7

సాయంత్రం బావమరిది ఫోన్. రేపు తొమ్మిదింటికల్లా వచ్చేస్తానన్నాడు.

"నువ్వుండవటగా బావా?"

"ఆఫీసు పని. ఆరింటి బస్సు."

"ఆదివారం కూడానా?"

"డబ్బా ఒకటి పాడైంది."

"పోనీలే. అక్క చీరల సంగతి అడగమంది అమ్మ. అవి తీసుకెళ్ళాలా, ఉంచాలా అని."

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ఎనిమిది అడుగుల్లో. అడగమన్న మనిషి, అడుగుతున్న ఫోను, రెండూ నా ఎదురుగానే ఉన్నాయి.

"ఆవిడ ఇష్టం" అన్నాను ఫోన్‌తో.

అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు. తరువాత ఆవిడ గది తలుపు.

వాడు మాత్రం ఫోన్ పెట్టలేదు. గొంతు తగ్గించాడు.

"ఒకటి చెప్పనా బావా, ఏమీ అనుకోకు. నువ్వు ఉండమంటే ఉందామనే అనుకుంది అమ్మ. మొన్న నాతో అంది. పిల్లకి కాఫీ కలిపినట్టే ఈయనకీ కలుపుతున్నా, పొద్దున లేవడానికి ఒక పనుంది అని. నువ్వేమో ఒక్కసారీ నోరు విప్పలేదు."

"నేను వెళ్ళమనలేదురా."

"వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు కదా."

"ఆవిడకి మీ ఇల్లే బాగుంటుందని..."

"అదీ అనలేదు కదా బావా. అయిదు రోజులనుంచి పెట్టెలు సర్దుతోంది. ఎంతసేపు సర్దుతారు చెప్పు, ఉన్నవి రెండు పెట్టెలు."

సరే, పొద్దున కలుద్దాం అన్నాడు. నేనుండనని మళ్ళీ గుర్తొచ్చినట్టుంది. ఫోన్ పెట్టేశాడు.

చాలాసేపు ముందుగదిలో నిలబడ్డాను. ఆవిడ గదిలో లైటు ఆరిపోయి ఉంది. తలుపు తట్టవచ్చు. నిద్ర చెడగొట్టడం ఎందుకని అనుకున్నాను. అబద్ధం.  ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళలో ఆవిడని ఎదురుగా ఏమనీ పిలవలేదు.

మేనేజరుకి మెసేజి పెట్టాను. ఆరింటి బస్సు కాదు, మధ్యాహ్నం బస్సుకి వెళ్తానని. రాత్రి అక్కడ ఉండి సోమవారం పొద్దున్నే డబ్బా విప్పుతానని. ఆపిల్ లోడు సాయంత్రానికి. సరిపోతుంది.

రేపు పొద్దున ఆవిడ స్టవ్ వెలిగించే వేళకి వంటింట్లోకి వెళ్తాను. గిన్నెతోనూ గోడతోనూ కాదు, ఆవిడ మొహం చూసి, అత్తయ్యా అని పిలుస్తాను. కారు వచ్చేలోపల, ఈ ఇంట్లోనే ఉండమని నా నోటితో నేనే అడుగుతాను.